వకీలు లేని విడాకులు: న్యాయ సహాయం తగ్గిస్తే బరువు ఎవరి మీద పడుతుంది?

పెన్నా గట్టు (తాడిపత్రి)
శనివారం, రాత్రి 9:10

ఈ వేదికలో ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా చెల్లెలు ఇంగ్లండులో ఉంటుంది. పెళ్లయి పదకొండేళ్లు, ఇద్దరు పిల్లలు. నిరుడు దసరాకు ముందు భర్త వేరే ఇంటికి వెళ్లిపోయాడు. ఇప్పుడు విడాకులు కావాలనీ, పిల్లలు తన దగ్గరే ఉండాలనీ కోర్టుకెక్కాడు. అతనికి లాయరు ఉన్నాడు. మా చెల్లెలికి లేడు. ఆమె వృద్ధుల సంరక్షణ గృహంలో పనిచేస్తుంది. వచ్చే జీతం అద్దెకూ పిల్లలకూ చాలీచాలకుండా ఉంది. ఒక లాయరును కలిస్తే ముందుగా కట్టమన్న సొమ్ము ఆమె రెండు నెలల జీతం.

"అంత పెద్ద దేశం కదా, లేనివాళ్లకు ప్రభుత్వమే వకీలును పెట్టదా?" అని అడిగాను. ఒకప్పుడు పెట్టేవారట. 1949లోనే అందుకు చట్టం చేసుకున్న దేశం అది. 2012లో చేసిన మరో చట్టం 2013 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి విడాకులను, ఆస్తి పంపకాన్ని, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలనే తగవును చాలావరకు ఆ సహాయం నుంచి తీసేసింది. గృహహింస జరిగిందని డాక్టరు లేఖలాంటి కాగితం చూపిస్తే ఇస్తారు. ఆ తర్వాత ఆదాయం కూడా చూస్తారు.

మా చెల్లెల్ని అతను కొట్టలేదు. ఆమె జీతం కార్డు తన దగ్గర పెట్టుకునేవాడు. కూరగాయలకు కూడా లెక్క అడిగేవాడు. మాకు ఫోను చేస్తే పక్కనే కూర్చునేవాడు. దీన్ని ఏ డాక్టరుతో చెప్పుకుంటుంది? అమ్మతోనే చెప్పలేదు.

పోయిన వాయిదాకు ఒక్కతే వెళ్లింది. అవతలి లాయరు ఆ ఉదయమే ఒక కాగితాల కట్ట చేతికిచ్చాడట. "అక్కా, నాకు ఇంగ్లీషు వచ్చు. ఆ ఇంగ్లీషు రాదు" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

అక్కడి సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి. ఇదే పరిస్థితి మన జిల్లాల్లో ఆడపిల్లకు వస్తే ఏమి దొరుకుతుందో కూడా చెప్పండి. నేను బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని, కోర్టు గడప ఎప్పుడూ తొక్కలేదు.

గడియార స్తంభం (అనంతపురం)
శనివారం, రాత్రి 10:02

అమ్మా, మీ చెల్లెలి కష్టం చదివి మనసు బరువెక్కింది. అయినా నాకు తోచినది చెబుతాను, తప్పుగా అనుకోవద్దు.

ఆలుమగల తగవుకు ఊరందరి పన్నుల డబ్బు ఎందుకు పెట్టాలి? అక్కడి ప్రభుత్వం ఏడాదికి సుమారు 35 కోట్ల పౌండ్లు మిగల్చాలనుకుంది. మధ్యవర్తి దగ్గర కూర్చుని తేల్చుకోండి, దానికి మాత్రం సహాయం చేస్తాం అంది. అందులో నాకు అన్యాయం కనిపించలేదు. మా మేనల్లుడి విడాకులు దగ్గర నుంచి చూశాను. రెండు వైపులా వకీళ్లు ఉన్నందువల్లే ఆరేళ్లు సాగింది. మా అక్క పేరు మీద ఉన్న రెండెకరాల చెలక కోర్టు ఖర్చులకే పోయింది. వకీలు లేకపోతే మనుషులు త్వరగా రాజీపడతారని నా నమ్మకం.

నల్లకోటు (కర్నూలు)
ఆదివారం, ఉదయం 6:45

పెన్నా గట్టు గారూ, నేను కర్నూలులో పద్దెనిమిదేళ్లుగా వకీలు వృత్తిలో ఉన్నాను. కొన్నేళ్లు న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లోనూ, అంటే ఉచిత న్యాయ సహాయం కేసులు చూసే వకీళ్ల జాబితాలోనూ ఉన్నాను. మీ చెల్లెలి సంగతికి వస్తాను. ముందు గడియార స్తంభం గారికి జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆయన అన్నదే ఆ చట్టం చేసినవాళ్లూ అనుకున్నారు, అనుకున్నది జరగలేదు.

మధ్యవర్తి దగ్గరకు దంపతులు వాళ్లంతట వాళ్లు వెళ్లరు సార్. ఎవరో ఒకరు పంపాలి. ఇంగ్లండులో ఎక్కువగా పంపింది న్యాయ సహాయం కింద పనిచేసే లాయర్లే. మొదటిరోజు వచ్చే మనిషి గుండెలో మంట పెట్టుకుని వస్తుంది. "అతన్ని కోర్టుల చుట్టూ తిప్పుతాను" అంటుంది. లాయరు గంటసేపు విని, "తల్లీ, నీకు న్యాయంగా వచ్చేది ఇంత. కోర్టులో అది రావడానికి ఇన్నేళ్లు పడుతుంది. మధ్యవర్తి దగ్గరైతే కొద్ది నెలల్లో తేలుతుంది" అని చెబుతాడు. ఆ గంట మాటకు ఇచ్చే డబ్బును 2013లో ఆపేశారు. మధ్యవర్తికిచ్చే డబ్బు మాత్రం అలాగే ఉంచారు. సత్రం తెరిచే ఉంది, దారి చూపే మనిషి లేడు. మొదటి ఏడాదిలోనే ప్రభుత్వ ఖర్చుతో మధ్యవర్తిని కలవడానికి వచ్చేవాళ్లు సగానికి పైగా పడిపోయారు. 2014లో, కోర్టుకు వచ్చేముందు ఒకసారి మధ్యవర్తిని కలిసి రావాలని చట్టంలోనే రాసుకోవలసి వచ్చింది. 2021లో పిల్లల తగవుల్లో మధ్యవర్తిత్వానికి 500 పౌండ్ల వరకు వోచరు ఇవ్వడం మొదలుపెట్టారు. తీసేసినదాన్ని ముక్కలు ముక్కలుగా తిరిగి పెట్టుకుంటూ వచ్చారు.

ఇక వకీలు లేకపోతే త్వరగా రాజీపడతారన్న మాట. రాజీ ఎప్పుడు కుదురుతుంది? తనకు ఏమి రావాలో ఇద్దరికీ తెలిసినప్పుడు. ఒకరికే తెలిస్తే దాన్ని లొంగిపోవడం అనాలి. ఇద్దరికీ తెలియకపోతే ఇద్దరూ కోర్టుకే వస్తారు. అక్కడ అదే జరిగింది. రెండు పక్షాలకూ లాయరు లేని కుటుంబ కేసులు బాగా పెరిగాయి. ఏ కాగితం ముందు, ఏది వెనుక అని కూడా జడ్జీలే చెప్పుకోవలసి వచ్చింది. అన్నిటికంటే ఘోరం, దెబ్బలు తిన్న స్త్రీని కొట్టిన భర్తే స్వయంగా నిలబడి అడ్డుప్రశ్నలు వేయగలిగేవాడు. లాయరు లేడు కాబట్టి ప్రశ్నించే హక్కు అతనిదే. దీన్ని ఆపడానికి 2021లో గృహహింస చట్టం రావలసి వచ్చింది. ఆ నిషేధం 2022 జులైలో అమలయింది.

నాకు ఎప్పుడూ గుర్తొచ్చే పాత కేసు ఒకటుంది. 1970లో మెకంజీ దంపతుల విడాకుల కేసు. భర్తకు మొదట న్యాయ సహాయం ఉండేది, విచారణకు ముందే ఆగిపోయింది. అతనికి తోడుగా ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక యువ న్యాయవాది పక్కన కూర్చుని చెవిలో సలహా చెప్పబోతే జడ్జి వద్దన్నాడు. పై కోర్టు అది తప్పని చెప్పి కేసును మళ్లీ విచారించమంది. అప్పటి నుంచి లాయరు లేని మనిషి పక్కన ఒక తోడు కూర్చోవచ్చనే పద్ధతి స్థిరపడింది. ఆ తోడును అక్కడ ఇప్పటికీ మెకంజీ మిత్రుడు అనే అంటారు. కాగితాలు అందించవచ్చు, రాసుకోవచ్చు, మెల్లగా సలహా చెప్పవచ్చు. జడ్జి అనుమతి లేకుండా ఆయనతో మాత్రం నేరుగా మాట్లాడకూడదు.

అమ్మా, మీ చెల్లెలు వచ్చే వాయిదాకు అలాంటి తోడు ఒకరిని తీసుకెళ్లమనండి. ఇంకో ముఖ్యమైన సంగతి. హింస అంటే కొట్టడమే కాదు. డబ్బును గుప్పిట్లో పెట్టుకుని మనిషిని ఆడించడం కూడా అక్కడి న్యాయ సహాయ నిబంధనల్లో లెక్కకు వస్తుంది. మొదట్లో సాక్ష్యం రెండేళ్ల లోపుది కావాలనేవారు. 2016లో పై కోర్టు ఆ నిబంధన చెల్లదంది. 2018 జనవరి నుంచి కాలపరిమితే తీసేశారు. గృహహింస బాధితులకు సహాయపడే సంస్థ ఇచ్చే లేఖ కూడా చెల్లుతుంది. డాక్టరు లేఖకు కొందరు డబ్బు తీసుకునేవారు, అదీ 2021 చట్టంతో కుదరకుండా పోయింది. చేతిలో కాగితం లేదు కాబట్టి తనకు ఏమీ రాదని ఆమె అనుకుని ఉంటే, ఆ కాగితం ఇప్పటికీ సంపాదించవచ్చు.

పెన్నా గట్టు (తాడిపత్రి)
ఆదివారం, ఉదయం 7:20

సార్, మీ పోస్టు మొత్తం ఆమెకు ఫోనులో చదివి వినిపించాను. అక్కడ తెల్లవారుజాము మూడవుతోంది, అయినా మేలుకునే ఉంది. డబ్బు సంగతి కూడా హింస కిందికి వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదట. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేను పిచ్చిదాన్ని కాదన్నమాట" అంది.

తుంగభద్ర (ఆదోని)
ఆదివారం, ఉదయం 11:30

అక్కా, ఇక్కడి సంగతి నేను చెబుతాను. ఆదోని చుట్టుపక్కల ఊళ్లలో అయిదేళ్లుగా పారా లీగల్ వాలంటీరుగా, అంటే న్యాయ సహాయం గురించి జనానికి చెప్పే కార్యకర్తగా తిరుగుతున్నాను.

మన చట్టం ఇంగ్లండు కంటే విశాలం. ఇది ధైర్యంగా చెప్పవచ్చు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీ అయితే చాలు, ఆదాయం ఎంత ఉన్నా ఉచితంగా వకీలును ఇవ్వాలి. పిల్లలకూ, షెడ్యూల్డు కులాలు తెగల వారికీ, వికలాంగులకూ అంతే. మిగిలిన పురుషులకు మన రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉండాలి. ఆదాయానికి అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఇస్తే చాలు. విడాకులు, భరణం, పిల్లల సంరక్షణ అన్నీ ఇందులో ఉన్నాయి. ఎవరూ కోత పెట్టలేదు.

మరి మా ఊళ్లలో ఆడవాళ్లకు ఎందుకు అందడం లేదు? ఆ సహాయం వాళ్లను చేరేసరికి సంతకం అయిపోయి ఉంటుంది కాబట్టి.

నిరుడు జరిగినది చెబుతాను. ఊరి పేరు వద్దు. వానలు లేని ఏడాది మావైపు సగం ఊరు మిరపకాయ కోతకు గుంటూరు వెళుతుంది. ఒక జంట కూడా వెళ్లారు. అక్కడే గొడవపడ్డారు. అతను తిరిగొచ్చి పెద్దమనుషులను కూర్చోబెట్టాడు. అమ్మాయి కోత వదిలి వచ్చేసరికి అంతా మాట్లాడుకున్నారు. నలభై వేలు ఇస్తారు, పెళ్లిలో పెట్టిన సామాను వెనక్కి ఇస్తారు, ఇకపై ఒకరికొకరు సంబంధం లేదని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి వేలిముద్ర వేయించారు. కూతురికి మూడేళ్లు. ఆ పాప పేరు కాగితంలో ఎక్కడా లేదు.

ఆరు నెలల తర్వాత అతను మళ్లీ పెళ్లి చేసుకుంటున్నాడని తెలిసి ఆమె మా దగ్గరకు వచ్చింది. ఆ కాగితం ఏ కోర్టూ ఇచ్చిన విడాకులు కాదు. తమ కులంలో అలా విడిపోయే ఆచారం తరతరాలుగా ఉందని కోర్టులో రుజువు చేస్తే తప్ప హిందూ వివాహ చట్టం కింద దానికి విలువ లేదు. అంటే చట్టం దృష్టిలో ఆమె ఇంకా అతని భార్యే. పాపకు భరణం ఎక్కడికీ పోలేదు, తల్లి వేలిముద్ర వేసినంత మాత్రాన బిడ్డ హక్కు రద్దు కాదు. ఇదంతా ఆమెకు చెబితే ఒక్కటే అడిగింది: "మరి ఆ రోజు ఎవరూ ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆ రోజు నేను ఆ ఊళ్లో లేను. ఇప్పటికీ నన్ను అదే తినేస్తోంది.

దేవుని కడప (కడప)
ఆదివారం, మధ్యాహ్నం 3:15

నేను కోర్టు ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందాను. ముప్పై ఒక్క ఏళ్లు బంట్రోతు కేకలు వింటూ బతికాను. తుంగభద్రమ్మ చెప్పింది అక్షరాలా నిజం. కోర్టు లోపల నేను చూసినవి కూడా రాస్తాను.

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టంలో 13వ సెక్షన్ అని ఒకటి ఉంది. ఆ కోర్టులో వకీలును పెట్టుకోవడం కక్షిదారు హక్కు కాదంటుంది. అవసరమనుకుంటే కోర్టే ఒక న్యాయ నిపుణుడి సహాయం తీసుకోవచ్చు. దాని వెనుక ఉన్న ఆలోచన మంచిదే. భార్యాభర్తలు జడ్జి ముందు మామూలు మాటల్లో చెప్పుకోవాలి, వకీళ్ల వాదనలతో ఇల్లు ఇంకా కాలిపోకూడదు అని. ఆచరణలో అనుమతి అడిగితే వకీళ్లను రానిస్తారు. దాంతో వకీలు ఉన్నవాళ్లు వకీలుతో వస్తారు, లేనివాళ్లు లేకుండా వస్తారు. ఇద్దరికీ లేకపోతే జడ్జి ఓపిగ్గా ఇద్దరినీ విని తేల్చడం చూశాను. ఒకరికే ఉంటే ఆ గదిలో గాలి మారిపోతుంది.

నా కళ్లముందు ఎక్కువగా జరిగిన అన్యాయం ఏకపక్ష తీర్పు. సమన్లు వస్తాయి. అమ్మాయి తండ్రి చదువుకోలేదు. "వాడు విడాకులు పంపాడు, మనం తీసుకోకపోతే చెల్లదు" అనుకుని కవరు తిప్పి పంపేస్తారు. లేదా తీసుకుని బియ్యం డబ్బాలో పెడతారు. వాయిదా రోజున పేరు మూడుసార్లు పిలుస్తారు. జవాబు ఉండదు. కొన్ని వాయిదాల తర్వాత అతను చెప్పిందే నిజమని తీర్పు వచ్చేస్తుంది. దాన్ని రద్దు చేయమని అడగడానికి ముప్పై రోజుల గడువు. సమన్లు సరిగా అందకపోతే తెలిసిన రోజు నుంచి లెక్క. ఆ గడువు లోపల వచ్చేవాళ్లు ఎంతమంది? అతని రెండో పెళ్లి శుభలేఖ చూశాక వస్తారు.

మా ఉమ్మడి కడప జిల్లాలో కువైట్ సంగతి వేరే చెప్పాలి. రాయచోటి, రాజంపేట వైపు ఇంటికొకరు అక్కడ ఉంటారు. భర్త కువైట్‌లో ఉంటే భరణం కేసులో అతనికి నోటీసు అందించడానికే నెలలు గడుస్తాయి. ఒక తల్లి నాలుగేళ్లు తిరిగింది. వాయిదా ఉన్న ప్రతిసారీ చంకలో బిడ్డతో వచ్చేది. చివరి రోజుల్లో ఆ బిడ్డ తల్లి చెయ్యి పట్టుకుని నడిచి వచ్చేది. బిడ్డ పెరగడం చూసి కేసు వయసు లెక్కపెట్టుకునేవాణ్ణి.

వేరుశనగ చేను (కళ్యాణదుర్గం)
ఆదివారం, సాయంత్రం 6:50

అందరూ ఆడవాళ్ల కష్టం రాశారు, అది నిజమే. మగవాడిగా నాదీ ఒక మాట రాయనివ్వండి.

నాకు నాలుగెకరాల మెట్ట. శనగకాయ వేస్తాను, వాన పడితే పంట, లేకపోతే అప్పు. నా భార్యకూ నాకూ పొసగలేదు. తప్పెవరిదో ఇక్కడ రాయను, ఆమె బిడ్డల తల్లి. ఆమె భరణం కేసు వేసింది. ఉచితంగా వకీలు వచ్చింది. మంచిదే. నాకు కూడా వస్తుందని ఎవరూ చెప్పలేదు. మగవాళ్లకు ఉండదనుకున్నాను. అప్పు చేసి ఒక వకీలును పెట్టుకున్నాను. ఆయన రెండు వాయిదాలకు వచ్చి, మిగిలిన ఫీజు ఇవ్వలేదని మూడోసారి రాలేదు. నా ఆదాయం ఎంతో కోర్టుకు కాగితం మీద చెప్పాలని నాకు తెలియదు. ఎకరాల లెక్క విని నెలకు నేను ఎన్నడూ సంపాదించని మొత్తం ఇవ్వమన్నారు. కట్టలేక పదకొండు నెలల బకాయి పడి, వారెంటు వచ్చి, ఊరందరి ముందూ పోలీసుల వెంట వెళ్లాను. నా కొడుకు బడి నుంచి వస్తూ చూశాడు.

మూడు లక్షల లోపు ఆదాయమైతే మగవాళ్లకూ ఉంటుందని ఇవాళ తుంగభద్ర అక్క రాస్తేనే తెలిసింది.

తుంగభద్ర (ఆదోని)
ఆదివారం, రాత్రి 7:05

అన్నా, మీరు రాసినందుకు దండం పెడుతున్నాను. పరిస్థితి మారినప్పుడు భరణం మొత్తాన్ని తగ్గించమని అదే కోర్టులో అడగవచ్చు. పంట పోయిన ఏడాది కాగితాలు, అప్పు పత్రాలు, పాసుపుస్తకం నకలు తీసుకుని దగ్గరి కోర్టులో ఉన్న మండల న్యాయ సేవాధికార సంఘానికి వెళ్లండి. రేపే వెళ్లండి.

నల్లకోటు (కర్నూలు)
ఆదివారం, రాత్రి 8:40

వేరుశనగ చేను తమ్ముడూ, నువ్వు చెప్పినదానికి సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న రజ్నేష్, నేహా కేసులో ఒక మందు చెప్పింది. భరణం అడిగే కేసుల్లో భార్యా భర్తా ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు అన్నీ అఫిడవిట్‌గా దాఖలు చేయాలి. భార్యకు దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి భరణం ఇవ్వాలి. ఆ అఫిడవిట్ నమూనా చాలా పేజీలు ఉంటుంది. బాగా రాస్తే ఇద్దరికీ రక్షణ. వకీలు లేకుండా రాయమంటే డిగ్రీ చదివినవాళ్లు కూడా తడబడతారు. సమాన న్యాయం కోసం పెట్టిన కాగితమే సహాయం లేని మనిషి మెడకు గుదిబండ అవుతోంది.

గడియార స్తంభం (అనంతపురం)
ఆదివారం, రాత్రి 9:30

ఉదయం నుంచి అన్నీ చదివాను. శనివారం నేను రాసినదాంట్లో కొంత తప్పుంది. వకీలు లేకపోతే రాజీ త్వరగా అవుతుందన్నాను. ఆదోని అమ్మాయిది త్వరగానే అయింది, ఒక్క పూటలో. అలాంటి తొందరను నేను కోరుకోలేదు.

అయితే ఒక ప్రశ్న మిగిలింది. ఉచితంగా ఇచ్చిన వకీలు మనసుపెట్టి పనిచేస్తాడా? మా వీధిలో ఒక అమ్మాయికి అలా ఇచ్చిన వకీలు "ఖర్చులకు" అని డబ్బు అడిగాడని విన్నాను. పేరుకు ఉండి పనికి రాకపోతే దాన్ని కూడా కోత అనే అనాలి కదా?

నల్లకోటు (కర్నూలు)
సోమవారం, ఉదయం 6:10

అనాలి సార్. నేను ప్యానెల్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి దాచకుండా చెబుతాను.

ప్యానెల్ లాయరు కక్షిదారు నుంచి పైసా తీసుకోకూడదు. అడిగితే న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, వకీలును మార్చమని కోరే అవకాశమూ ఉంది. కార్యదర్శి న్యాయాధికారి, ఆ ఫిర్యాదుకు బరువు ఉంటుంది.

ఇక మనసుపెట్టడం. ప్యానెల్‌లో ఒక కేసుకు ఇచ్చే గౌరవ వేతనం బయట సీనియర్లు ఒక వాయిదాకు తీసుకునే దానికి దరిదాపుల్లో ఉండదు. విడాకుల కేసు ఏళ్ల తరబడి సాగుతుంది. ఆఫీసు అద్దె కట్టుకోవలసిన యువ వకీలు ఎంతకాలం ప్రాణం పెడతాడు? పెట్టేవాళ్లు ఉన్నారు, వాళ్లకు చేతులెత్తి మొక్కుతాను. కానీ ఒక హక్కు నిలబడాలంటే కొందరి త్యాగం మీద ఆధారపడకూడదు. నేరం కేసుల్లో 2022 పథకంతో న్యాయ సహాయానికి పూర్తికాలం వకీళ్లను నియమించే ఏర్పాటు వచ్చింది. వాళ్లకు నెలజీతం. కుటుంబ కేసులకు అలాంటిది లేదు, పాత ప్యానెల్ పద్ధతే. భరణానికీ విడాకులకూ ప్రతి కుటుంబ కోర్టు దగ్గరా ఒక పూర్తికాలం వకీలు ఉండాలని నేను ఎక్కడ అవకాశం దొరికినా అడుగుతున్నాను. ఆ వకీలు కోర్టులో వాదించకపోయినా సరే. పొద్దున పది నుంచి అయిదు వరకు కూర్చుని, వచ్చిన ప్రతి మనిషి చేతిలోని కాగితం చదివి, దాని అర్థం చెబితే చాలు.

చాలామందికి తెలియని దారి ఇంకొకటి ఉంది. హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద, ఆదాయం లేని భార్య గానీ భర్త గానీ అవతలి పక్షం నుంచి మధ్యంతర భరణంతో పాటు కేసు ఖర్చులు కూడా అడగవచ్చు. నోటీసు అందిన అరవై రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టమే చెబుతోంది. అరవై రోజుల్లో తేలినవి నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. అయినా అడగాలి. అడగనిదానికి ఎవరూ ఉత్తర్వు ఇవ్వరు.

దర్గా దారి (కడప)
సోమవారం, మధ్యాహ్నం 1:20

నేను కడపలో టైలరింగ్ చేస్తాను. భర్త వదిలేసి తొమ్మిదేళ్లు. మా వాళ్లలో చాలామంది, "విడాకులైతే ఇద్దత్ మూడు నెలలే, ఆ తర్వాత ఏమీ రాదు" అని ఇప్పటికీ చెబుతారు. ఇద్దత్ అంటే విడాకుల తర్వాత స్త్రీ ఆగవలసిన గడువు. నాకూ అదే చెప్పారు. నేను నమ్మి ఏడేళ్లు ఏమీ అడగలేదు.

2024 జులై 10న సుప్రీంకోర్టు, విడాకులైన ముస్లిం స్త్రీ కూడా అందరు స్త్రీల్లాగే పాత నేర విచారణ ప్రక్రియా చట్టం 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చని చెప్పింది. కొత్త చట్టంలో అదే 144వ సెక్షన్ అయింది. ఆ వార్త టీవీలో విని నేను న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాను. నాకు ఇచ్చిన వకీలమ్మ చిన్న వయసు, కానీ నా బిడ్డ ఫీజు రసీదులన్నీ వరుసగా పెట్టించి, ఒక్కొక్కటి చూపించి వాదించింది. నెలకు ఆరు వేలు వస్తోంది. అది పెద్ద మొత్తం కాదని తెలుసు. మా అమ్మాయి ఇంటర్ ఆగలేదు.

అందుకే మంచి వకీళ్లు కూడా దొరుకుతారని గడియార స్తంభం గారికి చెప్పాలనిపించింది.

పెన్నా గట్టు (తాడిపత్రి)
మంగళవారం, రాత్రి 10:15

అందరికీ చెప్పుకోవాలి. మా చెల్లెలు గృహహింస బాధితుల సంస్థ ఒకదానికి ఫోను చేసింది. వాళ్లు రెండు గంటలు కూర్చోబెట్టి విన్నారు. లేఖ ఇస్తామన్నారు. దానితో దరఖాస్తు పెట్టాలి, ఆదాయ పరీక్షలో నిలుస్తుందో లేదో ఇంకా తెలియదు. వచ్చే వాయిదాకు తోడుగా అక్కడి గుడిలో పరిచయమైన ఒక నెల్లూరు పెద్దావిడ వస్తానన్నదట. ఆవిడకు చట్టం తెలియదు, పక్కన కూర్చుని అన్నీ రాసుకుంటానన్నది. కాగితాల కట్టకు మా చెల్లెలు పేజీలవారీగా సూచిక రాసుకుంది. నేను ఇక్కడ కూర్చుని ఫోనులో పేజీ సంఖ్యలు చదివాను.

రైలు కట్ట (గుంతకల్లు)
బుధవారం, ఉదయం 8:05

నమస్కారం. కొత్తగా చేరాను. మా వదినకు బెంగళూరు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. మా అన్న అక్కడ విడాకుల కేసు వేశాడు. అన్న చేసింది తప్పని మా ఇంట్లో అందరికీ తెలుసు, అమ్మ కూడా వదిన వైపే ఉంది. వాయిదా వచ్చే నెల 12న. వదినకు చంటిబిడ్డ. బెంగళూరు వెళ్లి వకీలును పెట్టుకునే స్తోమత లేదు. వెళ్లకపోతే ఏమవుతుంది?

దేవుని కడప (కడప)
బుధవారం, ఉదయం 8:30

నాయనా, వెళ్లకపోతే ఏమవుతుందో పైన రాశాను, మళ్లీ చదువు. ఏదో ఒక రకంగా ఆ తేదీన మీ వదిన తరఫున అక్కడ జవాబు పడాలి. మీ అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

తుంగభద్ర (ఆదోని)
బుధవారం, ఉదయం 8:50

తమ్ముడూ, 15100 నంబరుకు ఇప్పుడే ఫోను చెయ్యి. అది దేశమంతటికీ న్యాయ సహాయం నంబరు. బెంగళూరు కోర్టులో మీ వదినకు ఉచితంగా వకీలును ఇవ్వమని అడుగు. ఆమె స్త్రీ కాబట్టి ఆదాయం లెక్క లేదు. మొదటి వాయిదాకు ఆ వకీలు వకాల్తా వేసి గడువు అడుగుతారు. తర్వాత కేసును మన రాష్ట్రానికి మార్చమని సుప్రీంకోర్టులో అడగవచ్చు. చంటిబిడ్డ, దూరం, సంపాదన లేకపోవడం ఇవన్నీ అందుకు బలమైన కారణాలే. సుప్రీంకోర్టులో కూడా ఉచిత న్యాయ సహాయ కమిటీ ఉంది. భరణం కేసు మాత్రం ఆమె ఉంటున్న చోటే, అంటే మీ దగ్గరే వేసుకోవచ్చు. బెంగళూరుది తేలేదాకా ఆగనక్కరలేదు.

గుంతకల్లు కోర్టులో మండల సంఘం దగ్గరకు వదినను తీసుకెళ్లు. ఆధార్, పెళ్లి ఫొటో, శుభలేఖ ఉంటే శుభలేఖ, బిడ్డ జనన ధ్రువపత్రం, అన్న జీతం గురించి మీ ఇంట్లో ఉన్న ఏ కాగితమైనా పట్టుకెళ్లండి. సమన్లతో పాటు వచ్చిన పిటిషన్ పేజీల్లో ఒక్కటీ పోగొట్టకండి. ఎవరైనా రాజీ అని ఏ కాగితం మీదైనా సంతకం పెట్టమంటే, వకీలు చదివిన తర్వాతే అని చెప్పు.

రైలు కట్ట (గుంతకల్లు)
బుధవారం, ఉదయం 9:02

చాలా కృతజ్ఞతలు అక్కా. కవరు చించి పారేశాం, లోపలి కాగితాలు ఉన్నాయి. ఫరవాలేదా?

దేవుని కడప (కడప)
బుధవారం, ఉదయం 9:06

చెత్తబుట్ట ఇంకా ఎత్తకపోతే ఆ కవరు వెతికి తీసి పెట్టు నాయనా. సమన్లు ఏ రోజు చేతికందాయో దాని మీది తపాలా ముద్రే చెబుతుంది.